ఎడారి ఉద్యానవనాలలో జీవావరణ పరిశీలన: గ్రాంటు గడువు, ఎడారి గడువు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని అరిజోనా రాష్ట్రంలో సవారో అనే మహాకాయపు జెముడు జాతి పెరుగుతున్నది. మొలకెత్తిన తరువాత మొదటి ఎనిమిదేళ్ళలో ఈ మొక్క ఒకటి, ఒకటిన్నర అంగుళాలకు మించి ఎదగదు. పక్క కొమ్మలు వేయటానికి యాభై నుండి డెబ్బై అయిదేళ్ళు పడుతుంది. నూట యాభై ఏళ్ళు పైబడి జీవిస్తుంది. దీని రక్షణ కొరకు టూసాన్ నగరం చెంత 1933లో ఏర్పరచిన ప్రాంతమే నేటి సవారో జాతీయ ఉద్యానవనం. ఒక బాక్టీరియా తెగులు ఈ మొక్కలను నాశనం చేస్తున్నదన్న అనుమానంతో 1941లో మొక్కల వ్యాధి శాస్త్రజ్ఞులు అక్కడ ప్లాట్లు గుర్తించి, వాటిలోని మొక్కలను లెక్కించుట ఆరంభించారు.

ఇరవై ఏళ్ళ తరువాత, పెద్ద మొక్కలు చనిపోతున్న వేగాన్ని బట్టి, ఆ శతాబ్దం ముగిసేలోగా అక్కడి సవారో వనం అంతరించిపోగలదని 1962లో ఒక అంచనా వెలువడినది. అయితే లెక్కింపు ఆగలేదు. తీవ్రమైన చలి రాత్రులు ముసలి మొక్కలను చంపుతున్నవని, పశువుల మేపు వలనను వంటచెరకు నరుకుట వలనను చిన్న మొలకలకు నీడనిచ్చే చెట్లు పోయి కొత్త మొక్కలు నిలువలేకపోయినవని క్రమంగా తెలిసినది. 1970ల చివరికి పశువుల మేపు ఆగినది. ఆ తరువాతి దశకాలలో చిన్న మొక్కలు విస్తారంగా కనిపించినవి. మరల 1990ల మధ్య నుండి, దీర్ఘ అనావృష్టి కాలంలో, కొత్త మొక్కలు నిలదొక్కుకొనుట బాగా తగ్గినది.

ప్రాంతమూ మొక్కా మారలేదు. 1941 నుండి 1962 వరకు మాత్రమే చూసిన వారికి సవారో అంతరిస్తున్న జాతి. తరువాతి ముప్పై ఏళ్ళు మాత్రమే చూసిన వారికి అది కోలుకుంటున్న జాతి. ఆపైన మాత్రమే చూసిన వారికి కరువుకు లొంగుతున్న జాతి. వీటిలో ఏ లెక్కా తప్పు కాదు. ప్రతి లెక్కా పొట్టిది, అంతే.

ఇటువంటి లెక్కలకు డబ్బు ఎక్కడి నుండి వస్తుంది, ఎంత కాలానికి వస్తుంది అన్న ప్రశ్న పరిపాలనకు మాత్రమే సంబంధించినదిగా కనిపిస్తుంది. వాస్తవానికి అది శాస్త్రానికి సంబంధించిన ప్రశ్న. పరిశోధన గ్రాంటు సాధారణంగా మూడేళ్ళకు లభిస్తుంది, ఐదేళ్ళకు లభిస్తే ఉదారమైనదని భావిస్తారు. ఎడారి తన జవాబు చెప్పటానికి తీసుకొనే గడువు ఇంతకంటె చాలా పెద్దది. ఈ రెండు గడువుల మధ్యనున్న దూరాన్ని వివిధ సంస్థలు ఎట్లు పూడ్చినవో, ఎక్కడ పూడ్చలేకపోయినవో పరిశీలించుట మన మెట్ట ప్రాంత శాస్త్రజ్ఞులకు కూడా అవసరం.

మూడేళ్ళు ఎందుకు చాలవు?

ఎడారిలో సగటు వర్షపాతం అనేది కాగితం మీద ఉండే అంకె. కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీలో సగటు వార్షిక వర్షపాతం రెండు అంగుళాల చిల్లర. 2023 ఆగస్టు 20న ఒక్క రోజులోనే అక్కడ 2.20 అంగుళాల వాన కురిసినది. అంటే ఏడాది వాన మొత్తం ఒక్క దినంలో వచ్చినది. ఆ ఏడాది గ్రాంటు పొందిన వారి ప్లాట్లలో ఏకవార్షిక మొక్కలు, వాటి విత్తనాలు తిని బ్రతికే ఎలుకలు, ఆ ఎలుకలను తినే పాములు ఏ స్థాయిలో ఉన్నా, అది ఆ వాన కథయే తప్ప ఎడారి కథ కాదు.

దీనిని ఒక చిన్న గణనతో స్పష్టం చేయవచ్చును. ఒక ఉద్యానవనంలో ఏదో ఒక జాతి సంఖ్య సగటుపై ఏడాదికి 3 శాతం చొప్పున తగ్గుతున్నదని అనుకొందాము. అదే సమయంలో వానలను బట్టి ఆ సంఖ్య ఏటేటా 30 శాతం ప్రామాణిక విచలనంతో ఊగిసలాడుతున్నదని కూడా అనుకొందాము. ఎడారి జీవులకు ఇది పెద్ద ఊగిసలాట కాదు. పరిశీలించిన ఏళ్ళ సంఖ్యను, దాని వర్గం నుండి ఒకటి తీసివేయగా వచ్చిన అంకెతో గుణించి, 12తో భాగించి, వర్గమూలం తీసి, ఆ మూలంతో విచలనాన్ని భాగించినచో వాలు రేఖ యొక్క ప్రామాణిక దోషం లభిస్తుంది. మూడేళ్ళ పరిశీలనకు ఇది ఏడాదికి సుమారు 21 శాతం. ఐదేళ్ళకు 9.5 శాతం, పదేళ్ళకు 3.3 శాతం, ఇరవై ఏళ్ళకు 1.2 శాతం.

వాలు తన ప్రామాణిక దోషానికి కనీసం రెండు రెట్లు ఉన్నప్పుడే దానిని నిజమైన తగ్గుదలగా స్వీకరిస్తామన్న వాడుక నియమాన్ని పాటించినచో, 3 శాతం తగ్గుదల పదిహేడవ ఏట మాత్రమే ఆ గీత దాటుతుంది. అప్పుడు కూడా దానిని పట్టుకొనే అవకాశం సగమే. ఎనభై శాతం నమ్మకంతో పట్టుకొనవలెనన్నచో ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ళు కావలెను. ఆ లోగా ఆ జాతిలో సగం తరిగిపోతుంది. పైగా ఈ గణన ప్రతి ఏడాదిని స్వతంత్రంగా తీసుకొన్నది. నిజానికి కరువు ఏళ్ళు జంటలుగా, గుంపులుగా వస్తుంటవి కాబట్టి అసలు గడువు మరింత పెరుగుతుంది.

గ్రాంటు సమీక్షకులు తరచుగా ఇచ్చే సలహా, ఏళ్ళు పెంచలేనప్పుడు ప్లాట్ల సంఖ్య పెంచమని. ప్లాటుకూ ప్లాటుకూ మధ్యనున్న తేడా వలన కలిగే దోషం దీని వలన తగ్గే మాట వాస్తవమే. కాని కరువు ఏడాది అన్ని ప్లాట్లకూ కరువు ఏడాదియే. నూరు ప్లాట్లు వేసినా ఆ ఊగిసలాట తగ్గదు. పరిశీలన కాలాన్ని రెట్టింపు చేసినచో దోషం మూడో వంతు దగ్గరకు దిగుతుంది. అదే డబ్బుతో ప్లాట్లు రెట్టింపు చేసినచో, ఎడారిలో, అంత లాభం కలుగదు. బడ్జెట్ వ్రాసే వారు గుర్తుంచుకొనవలసిన మొదటి సంగతి ఇది.

గ్రాంట్లను అతికించి నిలిపిన పరిశోధన

అరిజోనాలోని పోర్టల్ అనే చిన్న ఊరి దగ్గర 1977లో జేమ్స్ బ్రౌన్ ఆరంభించిన ప్రయోగం ఈ విషయంలో పాఠ్యపుస్తకం వంటిది. అది ఉద్యానవనం కాదు, ప్రభుత్వ బంజరు. అయినప్పటికీ ఎడారి పరిశీలన గురించి మాట్లాడే ఎవరూ దానిని విడిచిపెట్టలేరు. అక్కడ ఒక్కొక్కటి 50 మీటర్ల చదరంగా 24 ప్లాట్లకు కంచె వేసి, కొన్నింటి లోనికి విత్తనాలు తినే కంగారూ ఎలుకలను రానీయలేదు. కంచెకు చిన్న రంధ్రాలు ఉంచుట వలన చిన్న ఎలుకలు మాత్రం తిరుగాడగలిగినవి. నెలనెలా బోనులు పెట్టి ఎలుకలను లెక్కించుట, మొక్కలను లెక్కించుట ఇందులోని పని.

మొదటి ఏళ్ళలో పెద్ద మార్పు కనిపించలేదు. పన్నెండేళ్ళు గడిచేసరికి కంగారూ ఎలుకలు లేని ప్లాట్లలో పొదల మధ్యనున్న ఖాళీ నేలను పొడవైన గడ్డి ఆక్రమించినది. పొదల ఎడారి గడ్డినేలగా మారుట ఆరంభమైనదని 1990లో ప్రకటించారు. అంతటితో కథ ముగియలేదు. కంగారూ ఎలుకలు వదిలిన విత్తనాలను మరే జాతి పూర్తిగా వినియోగించుకొనలేదని రెండు దశాబ్దాల పాటు అనిపించినది. 1990ల మధ్యలో మరొక జాతి, బెయిలీ పాకెట్ మౌస్ అనే చిట్టెలుక, వెలుపలి నుండి వలస వచ్చి ఆ ప్లాట్లలో స్థిరపడి, ఆ విత్తనాలలో అధిక భాగాన్ని తినుట ఆరంభించినది. మూడేళ్ళ గ్రాంటుతో ఈ ప్రయోగం ముగిసి ఉన్నచో 'కంగారూ ఎలుకల ప్రభావం స్వల్పం' అని, పదిహేనేళ్ళకు ముగిసి ఉన్నచో 'వాటి స్థానాన్ని మరే జాతీ తీసుకొనదు' అని తేలేది. రెండు నిర్ణయాలూ ప్రచురణకు నోచుకొనేవే.

ఈ ప్రయోగం ఒకే గ్రాంటుతో నడువలేదు. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇచ్చిన గ్రాంట్లు ఒకదాని వెంట ఒకటి అతికి దానిని నిలిపినవి. ప్రతిసారీ కొత్త ప్రశ్న ఒకటి చూపవలసి వచ్చినది. 'నిరుడు లెక్కించినదానినే ఈ ఏడు కూడా లెక్కిస్తాము' అన్న ప్రతిపాదనకు ఏ సమీక్షక సంఘమూ సులభంగా మార్కులు వేయదు. పాత లెక్కను కొనసాగించుటకు కొత్త ప్రశ్న అనే వేషం తొడగవలసి వచ్చుట దీర్ఘకాలిక పరిశోధకులందరి అనుభవమే.

ఈ ఇబ్బందిని గుర్తించి ఆ ఫౌండేషన్ రెండు మార్గాలు ఏర్పరచినది. 1980లో ఆరంభమైన దీర్ఘకాలిక జీవావరణ పరిశోధనా కేంద్రాల పథకం ఆరేసి ఏళ్ళకు గ్రాంటు ఇచ్చి, సమీక్షించి, తిరిగి కొనసాగిస్తుంది. న్యూ మెక్సికో ఎడారిలోని హోర్నాడా కేంద్రం 1982 నుండి ఇందులో ఉన్నది. హోర్నాడా విషయంలో గమనించదగినది మరొకటి. 1912లోనే అమెరికా వ్యవసాయ శాఖ దానిని పచ్చిక బయళ్ళ పరిశోధనా క్షేత్రంగా ఏర్పరచినది, 1915 నుండి అక్కడ గడ్డి మొక్కల పటాలు గీస్తున్నారు. అనగా జీవావరణ శాస్త్రజ్ఞులకు పెద్ద గ్రాంటు దొరకుటకు డెబ్బై ఏళ్ళ ముందే వ్యవసాయ శాఖ తన సొంత ఖర్చుతో పునాది వేసి ఉంచినది. రెండవ మార్గం, ఒంటరి పరిశోధకుల కొరకు పదేళ్ళ ప్రణాళికపై ఐదేళ్ళ చొప్పున ఇచ్చే గ్రాంటు. దీనికి దరఖాస్తు చేయుటకు అప్పటికే కనీసం ఆరేళ్ళ దత్తాంశం చేతిలో ఉండవలెనన్నది నిబంధన. నిబంధన న్యాయమైనదే. అయితే ఆ మొదటి ఆరేళ్ళకు డబ్బు ఎవరిస్తారన్నదానికి అందులో జవాబు లేదు.

దాత ఆసక్తి మారినప్పుడు ఏమవుతుందో టూసాన్‌లోని టుమమోక్ కొండ చెబుతుంది. కార్నెగీ సంస్థ 1903లో అక్కడ ఎడారి ప్రయోగశాలను స్థాపించినది. 1906లో వేసిన శాశ్వత ప్లాట్లు ప్రపంచంలోనే అతి పాత ఎడారి ప్లాట్లలో కొన్ని. 1940లో ఆ సంస్థ ప్రయోగశాలను అమెరికా అటవీ శాఖకు ఒక్క డాలరుకు అప్పగించి తప్పుకొన్నది. 1960లో అది అరిజోనా విశ్వవిద్యాలయం చేతికి వచ్చినది. ఆ ప్లాట్లలో కొన్నిటిని నేటికీ కొలవగలుగుతున్నారంటే కారణం నిరంతరాయమైన నిధులు కాదు. మూలలు గుర్తించి ఉండుట, పటాలు భద్రంగా ఉండుట.

గ్రాంటు నుండి జీతపు పద్దుకు

ఉద్యానవనాల విషయంలో అసలైన మలుపు 1998లో వచ్చినది. ఆ ఏడు అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం జాతీయ ఉద్యానవనాలలో వనరుల జాబితా తయారు చేయుటను, దీర్ఘకాలిక పరిశీలనను నేషనల్ పార్క్ సర్వీస్ బాధ్యతగా నిర్ణయించినది. మరుసటి ఏడాది ప్రకటించిన కార్యక్రమం క్రింద ముఖ్యమైన ప్రకృతి వనరులు గల ఉద్యానవనాలన్నిటినీ 32 బృందాలుగా కలిపారు. సొనోరా, మొహావీ, చివావా ఎడారులకు ఒక్కొక్క బృందం ఏర్పడినది. ప్రతి బృందానికీ ఏటేటా మూల బడ్జెట్ నుండి నిధి, శాశ్వత సిబ్బంది కేటాయించారు. అంటే ఆ పని గ్రాంటు పద్దు నుండి జీతపు పద్దుకు మారినది.

దీనిలో రెండు నిర్ణయాలు ప్రత్యేకంగా పేర్కొనదగినవి. మొదటిది, అన్నిటినీ లెక్కించే ఆశను వదులుకొనుట. వైద్యుడు నాడి, ఉష్ణోగ్రత, రక్తపోటు చూసినట్లు ప్రతి బృందమూ కొద్దిపాటి కీలక సూచికలను ఎంచుకొన్నది. ఎడారులలో అవి ముఖ్యంగా నీటి ఊటలు, భూగర్భజల మట్టం, వృక్షజాలం, నేల పైపొర, వాతావరణం, పరాయి మొక్కల రాక. రెండవది, బడ్జెట్‌లో సుమారు మూడో వంతు దత్తాంశ నిర్వహణ, విశ్లేషణ, నివేదికలకు కేటాయించవలెనన్న మార్గదర్శకం. క్షేత్రంలో తిరిగే వారికి ఇది అధికమనిపిస్తుంది. కాని ఇరవై ఏళ్ళ తరువాత ఆ అంకెలు ఎవరు, ఏ పద్ధతిలో, ఏ ప్లాటులో తీసుకొన్నారో తెలియనప్పుడు క్షేత్రంలో పెట్టిన మొత్తం ఖర్చు వృథా అవుతుంది. మన గ్రాంటు ప్రతిపాదనలలో ఈ పద్దుకు ఎంత శాతం కనిపిస్తుందో పాఠకులే గుర్తు చేసుకొనవచ్చును.

విశ్వవిద్యాలయాలు ఇందులో పాలుపంచుకొనే విధానం కూడా గమనార్హం. పార్క్ సర్వీస్, విశ్వవిద్యాలయాల మధ్య కుదిరిన సహకార ఒప్పందాల క్రింద సంస్థాగత ఖర్చులకు తీసుకొనే వాటా 17.5 శాతానికి పరిమితం. సాధారణ ఫెడరల్ గ్రాంట్లలో అనేక విశ్వవిద్యాలయాలు 50 శాతం పైబడి తీసుకొంటవి. ఈ తేడా వలన పార్కు ఇచ్చిన చిన్న మొత్తం కూడా విద్యార్థి భత్యానికి, జీపు ఇంధనానికి చేరుతుంది.

మూల బడ్జెట్ సర్వరోగ నివారిణి కాదు. ప్రభుత్వం పొదుపు చేయదలచినప్పుడు ఖాళీ అయిన ఉద్యోగం నింపకుండా ఉంచుట తేలిక. అందువలన సవారో ఉద్యానవనం మూడవ దారి కూడా ఉంచుకొన్నది. అక్కడ పదేళ్ళకొకసారి జరిగే సవారో లెక్కింపులో స్వచ్ఛంద సేవకులు పెద్ద సంఖ్యలో పాల్గొంటున్నారు. మెల్లగా పెరిగే మొక్కను ఏటా కొలవనవసరం లేదు కాబట్టి ఈ పద్ధతి సరిపోయినది. ఏకవార్షిక మొక్కలకు, చేపలకు ఇది పనికిరాదు.

లెక్క న్యాయస్థానానికి చేరినప్పుడు

నెవాడా రాష్ట్రంలో డెవిల్స్ హోల్ అనే నీటి గుహ ఉన్నది. 1952లో దానిని డెత్ వ్యాలీ రక్షిత ప్రాంతంలో చేర్చారు. ప్రపంచంలో మరెక్కడా లేని ఒక చిన్న చేప జాతి ఆ గుహ అంచున నీటిలో మునిగి ఉన్న రాతి పలక మీద మేసి, గుడ్లు పెట్టి జీవిస్తున్నది. 1960ల చివర సమీపంలోని ఒక పెద్ద వ్యవసాయ క్షేత్రం లోతు బావులు తవ్వి పైర్లకు నీరు తోడుట ఆరంభించినది. గుహలో నీటి మట్టం తగ్గి రాతి పలక బయటపడసాగినది. వివాదం సుప్రీం కోర్టుకు చేరినది. 1976లో న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, పలక మునిగి ఉండుటకు అవసరమైన మట్టం కంటె దిగువకు నీరు పోకుండా తోడకాన్ని పరిమితం చేయవలెనని తీర్పు ఇచ్చారు.

ఈ తీర్పులో న్యాయసూత్రం ఎంత ముఖ్యమో నీటి మట్టపు నమోదు అంత ముఖ్యం. బావులు తోడనప్పటి మట్టం ఎంత, తోడిన తరువాత ఎంత అన్నది ఏళ్ళ తరబడి అంకెలలో నమోదై ఉండుట వలననే, రైతు హక్కుకూ చేప బ్రతుకుకూ మధ్య గీత ఎక్కడ గీయవలెనో న్యాయస్థానం అడుగులలో చెప్పగలిగినది. నమోదు లేనిచో ఆ గీత ఒకరి వైపు పూర్తిగా ఒరిగి ఉండేది. బహుశా రైతుకు కూడా నష్టమే జరిగేది, ఎందుకనగా అంకె లేని చోట పూర్తి నిషేధమే సులభమైన తీర్పు. 1972 నుండి ఆ చేపలను క్రమం తప్పక లెక్కిస్తున్నారు. 2013 వసంతంలో ఆ లెక్క 35కు పడిపోయినది. సుమారు ఏడాది మాత్రమే బ్రతికే చేపకు ఒక్క ఏడాది లెక్క తప్పినా ఒక తరం మొత్తం చూడకుండా పోయినట్లే.

అంజన్ గడ్డి ఉదాహరణ

వ్యవసాయ శాస్త్రజ్ఞులకు మరింత దగ్గరి సంగతి ఒకటి ఉన్నది. మెట్ట భూములకు మేలైన పశుగ్రాసంగా మనం సిఫారసు చేసే అంజన్ గడ్డి, అనగా సెంక్రస్ సిలియారిస్, 1930లలో మేత కొరకు, నేల కోత నివారణ కొరకు అరిజోనాకు చేరినది. భారత, ఆఫ్రికా మెట్టలలో పుట్టిన ఈ గడ్డి కరువుకు తట్టుకొని, మేపినా తిరిగి చిగురించే గుణం వలననే మనకు ఆప్తమైనది. అదే గుణం సొనోరా ఎడారిలో విపత్తు అయినది. పొదల మధ్యనున్న ఖాళీ నేలను ఈ గడ్డి నింపి, ఎండి, నిప్పు ఒక మొక్క నుండి మరొకదానికి ప్రాకే వంతెన అయినది. సవారో వంటి మొక్కలు మంటకు అలవాటు పడినవి కావు. టూసాన్ ఉత్తరాన ఉన్న కొండలలో పాత విమాన చిత్రాలను పోల్చి చూడగా, ఈ గడ్డి విస్తీర్ణం రెండు నుండి ఏడేళ్ళకొకసారి రెట్టింపు అవుతున్నట్లు తేలినది.

గడ్డి పీకుటకు, మందు చల్లుటకు దాతలు డబ్బు ఇస్తారు. ఫొటో తీయవచ్చు, ఎకరాలు చెప్పవచ్చు. పీకిన చోట మూడేళ్ళ తరువాత ఏమి మొలిచినదో చూచుటకు డబ్బు అడిగినచో ఉత్సాహం తగ్గుతుంది. విత్తనం నేలలో కొన్నేళ్ళు జీవించే గడ్డి విషయంలో ఆ తరువాతి పరిశీలన లేని నిర్మూలన ఖర్చును నిర్మూలన అనుట కష్టం. నివారణ గ్రాంటులోనే అనంతర పరిశీలనకు ఒక భాగాన్ని ముందే విడదీసి ఉంచుట ఒక్కటే ఆచరణీయమైన మార్గం.

థార్ ఎడారి

మన దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేర్, బార్మేర్ జిల్లాలలో 1980లో ప్రకటించిన ఎడారి జాతీయ ఉద్యానవనం 3,162 చదరపు కిలోమీటర్లు. అమెరికా ఎడారి ఉద్యానవనాల వలె అది నిర్జనం కాదు. లోపల గ్రామాలు, గొర్రెల మందలు, సజ్జ, గోరుచిక్కుడు పొలాలు ఉన్నవి. బట్టమేక పక్షికి దేశంలో మిగిలిన ప్రధాన నివాసం ఇదే. 2016లో పరిహార అటవీకరణ నిధి నుండి ఈ పక్షి ఆవాసాల మెరుగుదల, సంరక్షణ కేంద్రంలో ఉత్పత్తి కొరకు ఏడేళ్ళకు 33.85 కోట్ల రూపాయలు మంజూరైనవి. 2019 నుండి సహజ గూళ్ళ నుండి గుడ్లు సేకరించి సమ్ గ్రామం వద్ద పొదిగించుట ఆరంభమైనది. భారత వన్యప్రాణి సంస్థ విద్యుత్ తీగల క్రింద జరిపిన పరిశీలనలు 2021లో సుప్రీం కోర్టు ఉత్తర్వుకు ఆధారమైనవి. సౌర, పవన విద్యుత్ అవసరాలను కూడా పరిగణించి 2024 మార్చిలో న్యాయస్థానం ఆ ఉత్తర్వును సవరించి నిపుణుల సంఘాన్ని నియమించినది. డెవిల్స్ హోల్ వలెనే ఇక్కడ కూడా, ఉత్పత్తి అవసరం ఒక వైపు, ఒక జాతి మనుగడ మరొక వైపు నిలిచినప్పుడు క్షేత్రంలోని లెక్కయే వాదనకు ఆధారమైనది.

సాధారణంగా ఒక్కసారికి ఒక్క గుడ్డు పెట్టే పక్షికి ఏడేళ్ళు చిన్న కాలం. అయినను మన పరిశోధన గ్రాంట్లతో పోల్చినచో ఏడేళ్ళు ఉదారమే. దేశంలో మౌలిక పరిశోధనకు లభించే పోటీ గ్రాంట్ల వాడుక గడువు మూడేళ్ళు. అందులో మొదటి కొన్ని నెలలు సిబ్బంది నియామకానికి, పరికరాల కొనుగోలుకు పోతవి. చివరి నెలలు వినియోగ పత్రాలకు పోతవి. మిగిలేది రెండు వానకాలాలు.

దీర్ఘకాలిక పరిశీలన మన వ్యవసాయ రంగానికి కొత్త కాదు. భారత వ్యవసాయ పరిశోధన మండలి 1970లో ఆరంభించిన దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాలు నేటికీ నడుస్తున్నవి. జగిత్యాల కేంద్రం అందులో ఒకటి. అవి నిలిచినది పోటీ గ్రాంటుల మీద కాదు, సమన్వయ పథకపు నిత్య పద్దు మీద. ఇంగ్లాండులోని రోథమ్‌స్టెడ్‌లో 1843 నుండి సాగుతున్న గోధుమ ప్రయోగం వెనుక జాన్ లాస్ తన ఎరువుల వ్యాపారపు సొమ్ము నుండి 1889లో ఏర్పరచిన లక్ష పౌండ్ల ధర్మనిధి ఉన్నది. పోటీ గ్రాంటు కొత్త ప్రశ్నకు తగినది. నిత్య పద్దు, ధర్మనిధి పాత లెక్కకు తగినవి. ఒకదాని పని మరొకదాని చేత చేయించబోవుటయే ఎడారి పరిశీలనలో తరచుగా జరిగే పొరపాటు.

ప్రతిపాదన వ్రాసే విద్యార్థులకు

ఈ స్థితిలో మూడేళ్ళ గ్రాంటు కోరే వారు చేయదగినది లేకపోలేదు. ముందుగా, డబ్బు పూర్తిగా ఆగిన ఏడాది కూడా ఇద్దరు మనుషులు ఒక వారంలో ముగించగల పని ఏదో నిర్ణయించి, దానిని పరిశీలన మూలంగా ప్రతిపాదనలో వేరుగా చూపవలెను. నాలుగు ప్లాట్లు, రెండు వర్షమాపకాలు, ఒక బావి మట్టం, స్థిర స్థానాల నుండి ఛాయాచిత్రాలు అయినా చాలును. గ్రాంటు డబ్బుతో దాని చుట్టూ ఎన్ని ప్రశ్నలైనా కట్టవచ్చును. గ్రాంటు ముగిసినప్పుడు ప్రశ్నలు ఆగును, మూలం మిగులును. పెద్ద వలయంతో ఆరంభించి డబ్బు తగ్గినప్పుడు ఏది వదలవలెనో ఆలోచించుట కంటె ఇది క్షేమం, ఎందుకనగా అటువంటి సమయంలో సాధారణంగా దూరపు ప్లాట్లే ముందు వదిలివేయబడతవి. మిగిలిన రోడ్డు పక్క ప్లాట్లు ఎడారికి ప్రతినిధులు కావు.

రెండవది, ఎన్ని ఏళ్ళకు ఎంత మార్పును పట్టగలమో పైన చూపిన గణన ద్వారా నిజాయితీగా చెప్పవలెను. మూడేళ్ళలో ధోరణి కనుగొంటామని వ్రాయుట అలవాటుగా మారినది. 'మూడేళ్ళలో ధోరణి తెలియదు. ఏటేటి ఊగిసలాట ఎంతో తెలియును, తరువాతి ఇరవై ఏళ్ళకు ఎన్ని ప్లాట్లు చాలునో తెలియును' అని వ్రాసిన ప్రతిపాదన కొంత చిన్నదిగా కనిపించినా సమీక్షకునికి అది నమ్మదగినది.

మూడవది మనుషుల సంగతి. ఒప్పంద సహాయకులు మారిన ప్రతిసారీ లెక్కించే కన్ను మారుతుంది. కొత్త వారు పాత వారితో కలిసి ఒకే ప్లాటును వేరువేరుగా లెక్కించి, తేడాను నమోదు చేయుటకు కనీసం పది రోజుల జీతం బడ్జెట్‌లో ఉండవలెను. ఈ పద్దును సమీక్షకులు కొట్టివేస్తారన్న భయంతో చాలా మంది వ్రాయరు. వ్రాసి, కారణం చెప్పుట మేలు.

ఇక మన విస్తరణ శాస్త్రజ్ఞుల పాత్ర. నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడు అభయారణ్యం ఎడారి కాదు, మెట్ట గడ్డినేల. అయినను థార్‌లోని బట్టమేకయే అక్కడి పక్షి కూడా. దాని కొరకే 1988లో 614 హెక్టార్లలో అభయారణ్యం ఏర్పడినది. 1980లలో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రజ్ఞులు అక్కడ ఈ పక్షిని అధ్యయనం చేశారు. ఇటీవలి ఏళ్ళలో అది అక్కడ కనబడుట లేదు. చుట్టుపక్కల బీళ్ళు, జొన్న వంటి మెట్ట పైర్లు తగ్గి నీటి పారుదల పైర్లు వచ్చినవి. కృష్ణజింకలు పెరిగి పైర్లను మేయగా రైతులకు అభయారణ్యం మీద విముఖత కలిగినది. ఈ కారణాలలో దేని వంతు ఎంత అని నేడు విడదీయుటకు, పక్షుల లెక్కను, చుట్టూ ఉన్న గ్రామాల పైర్ల లెక్కను ఒకే పట్టికలో ఏటేటా నమోదు చేసిన గ్రంథం కావలెను. పక్షుల లెక్క అటవీ శాఖ పని. పైర్ల లెక్క మాత్రం వ్యవసాయ శాఖ వద్ద గ్రామాల వారీగా, ఇప్పుడు ఈ-క్రాప్ నమోదు రూపంలో సర్వే నంబరు వరకు ఉన్నది. అభయారణ్యం చుట్టూ ఉన్న గ్రామాల ఈ-క్రాప్ వివరాలను ప్రతి ఖరీఫ్, రబీ ముగియగానే విడిగా తీసి భద్రపరచుటకు గ్రాంటు అవసరం లేదు. కృష్ణజింకలు, నెమళ్ళు, ఇతర గడ్డినేల పక్షుల కొరకు రేపు ఎవరైనా ప్రతిపాదన వ్రాసినచో, ఆరేళ్ళ పూర్వ దత్తాంశంలో సగం వారికి సిద్ధంగా దొరుకుతుంది.